కారు లేకుండా చైల్డ్‌మైండర్ (సొంతింట్లో వేరేవాళ్ళ పిల్లల్ని చూసుకునే) పని చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? (యూకే)

చినుకు_రెడింగ్
ఆఫ్‌స్టెడ్ (ఇంగ్లండ్‌లో స్కూళ్ళనీ పిల్లల సంరక్షణనీ తనిఖీ చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ చేతికొచ్చి మూడు వారాలైంది. ఫస్ట్ ఎయిడ్ కోర్సు 12 గంటలు కూర్చున్నా, మా ఆయనకీ నాకూ డీబీఎస్‌లు (నేర చరిత్ర తనిఖీలు) అయ్యాయి, ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇల్లంతా చూసి వెళ్ళింది, మెట్లకి గేటు, వంటింటి అరలకి తాళాలు అన్నీ బిగించాం. ఇంతా చేస్తే ఫోన్ చేసిన నలుగురు తల్లుల్లో ముగ్గురు మొదట అడిగింది "మీకు కారుందా?" అనే. లేదు అనగానే గొంతు మారిపోతుంది. "సరేనండి, ఆలోచించుకుని చెప్తాం", అంతే. ఒకావిడైతే ఫీజెంతో కూడా అడగలేదు.

ఇంట్లో ఉన్నది ఒకటే కారు, అది పొద్దున ఆరున్నరకే మా ఆయనతో పోతుంది. నాకు ఇండియా లైసెన్స్ ఉంది కానీ ఇక్కడికొచ్చి రెండేళ్ళు దాటింది. అది చెల్లే 12 నెలలూ రౌండబౌట్లకి భయపడి స్టీరింగ్ ముట్టుకోలేదు, తప్పు నాదే. మా పాప ఇయర్ 1 (ఒకటో తరగతి). స్కూలు నడిచి తొమ్మిది నిమిషాలు. కారు లేకుండా ఈ పని నిజంగా నడుస్తుందా, లైసెన్స్ వచ్చేదాకా ఆగాలా? ఖర్చు పెట్టేశాం, టెన్షన్‌గా ఉంది.

నడకదారి_ఎంకే
ఏడేళ్ళుగా చేస్తున్నా. కారు లేదు, లైసెన్సూ లేదు. ఖాళీల్లేక వచ్చినవాళ్ళని వద్దంటున్నా. రాత్రికి వివరంగా రాస్తా, ఇప్పుడు ఒకడు నా చెప్పులో అరటిపండు కుక్కుతున్నాడు.

ఊరికే_చూస్తున్నా
పదకొండో నంబర్ బస్సు ఉండగా కారెందుకండీ. రెండు కాళ్ళూ పక్కపక్కన పెడితే 11.

ఈస్ట్‌హామ్_ఈశ్వరి
లండన్‌లో 11 నంబర్ బస్సు నిజంగానే ఉంది బాబూ. ఇక్కడ ఆ జోక్ పేలదు.

బండి_సుబ్బులు
నేను కారున్న చైల్డ్‌మైండర్‌ని, మీ మనసు కష్టపెట్టాలని కాదు కానీ ఉన్నమాట చెప్తా. మా ఏరియాలో రెండు స్కూళ్ళు, ఒకటి కొండ కింద, ఒకటి కొండ మీద. కారుంది కాబట్టే రెండు చోట్లా పిల్లల్ని తీసుకోగలుగుతున్నా. కారు లేకపోతే నా ఆదాయంలో సగం పోతుంది. ఆ తల్లులు అడగడంలో తప్పేముంది? బిడ్డ వానలో తడుస్తుందేమోనని భయం వాళ్ళకి.

చినుకు_రెడింగ్
తప్పని అనలేదక్కా. వినకుండానే ఫోన్ పెట్టేస్తున్నారనే బాధ.

గోదారమ్మ_లీడ్స్
వానలో తడిస్తే కరిగిపోతారా ఏంటి. మా చిన్నప్పుడు గొడుగు కూడా లేదు, తాటాకు నెత్తిన పెట్టుకుని బడికి పోయేవాళ్ళం.

ఊరికే_చూస్తున్నా
వచ్చేసింది తాటాకు. ఇంకో రెండు రిప్లైలకి పలక కూడా వస్తుంది చూడండి.

లెక్కల_మామ
మా ఆవిడ చైల్డ్‌మైండర్, జమాఖర్చులు రాసేది నేను. ఎవరూ లెక్క చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. కారులో పిల్లల్ని ఎక్కించుకోవాలంటే మామూలు ఇన్సూరెన్స్ చాలదు, బిజినెస్ యూజ్ కవర్ ఉండాలి. బండికీ నడిపేవాళ్ళకీ సరైన ఇన్సూరెన్స్ ఉండాలని ఈవైఎఫ్ఎస్ (చిన్నపిల్లల సంరక్షణకి ప్రభుత్వ నిబంధనలు)లోనే రాసి ఉంది. తర్వాత సీట్లు. 12 ఏళ్ళో 135 సెంటీమీటర్లో, ఏది ముందొస్తే అప్పటిదాకా ప్రతి బిడ్డకీ తగిన సీటు. ఐ-సైజ్ (బిడ్డ పొడవుని బట్టి ఎంచుకునే) సీటైతే 15 నెలలదాకా వెనక్కి తిరిగే కూర్చోవాలి. మా హ్యాచ్‌బ్యాక్ వెనక మూడు సీట్లు పక్కపక్కన పట్టనే పట్టలేదు, మధ్యది పైకి లేచి వంకరగా కూర్చుంది. చివరికి పెద్ద బండి కొన్నాం. మొదటి 10,000 మైళ్ళకి పన్ను లెక్కలో మైలుకి 45 పెన్నీలు ఖర్చు రాసుకోవచ్చు, నిజమే, కానీ స్కూల్ రన్ (పిల్లల్ని బడికి దింపి తేవడం) అంతా కలిపినా రోజుకి మూడు మైళ్ళు దాటదు. ఆ 45 పెన్నీలతో బండి అప్పు తీరదు.

అంటే కారు వద్దని కాదు. కారుంటే డబ్బులే డబ్బులు అనుకోవద్దని.

బండి_సుబ్బులు
మామా, మీ లెక్కలో కొండ లేదు.

పల్లె_పిట్ట
కొండ సంగతి వదిలేయండి, మా ఊళ్ళో ఫుట్‌పాతే లేదు. లింకన్‌షైర్‌లో చిన్న ఊరు, బస్సు రోజుకి నాలుగుసార్లు, స్కూలు పక్క ఊళ్ళో. కారు లేకుండా చేద్దామని ఏడాది ప్రయత్నించి మానేశా. 60 మైళ్ళ వేగంతో బళ్ళు పోయే రోడ్డు అంచున ఇద్దరు పిల్లల్ని పట్టుకుని నడవడం ఒకే ఒక్కసారి చేశా, ఇంటికొచ్చాక చేతులు వణికాయి. కాబట్టి "ఎవరైనా చేయొచ్చు" అని ఎవరైనా రాస్తే ముందు మీ ఊరి రోడ్డు చూసుకుని రాయండి.

నడకదారి_ఎంకే
పిల్లలు వెళ్ళిపోయారు, చెప్పు కడిగాను, ఇప్పుడు రాస్తా.

పల్లె పిట్ట చెప్పింది అక్షరాలా నిజం. నేను మిల్టన్ కీన్స్‌లో ఉన్నా కాబట్టి నా పని సులువు. ఇక్కడ రెడ్‌వేలని ఎర్రటి దారులు ఊరంతా ఉంటాయి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మాత్రమే. పెద్ద రోడ్డు వస్తే దాని కిందనుంచో పైనుంచో పోతాయి. మా ఇంటినుంచి స్కూలుకి ఒక్క పెద్ద రోడ్డు కూడా దాటక్కర్లేదు. కాబట్టి చినుకూ, నువ్వు ముందు చేయాల్సింది లైసెన్స్ గురించి ఏడవడం కాదు. పొద్దున ఎనిమిదిన్నరకీ, మధ్యాహ్నం మూడింటికీ, ఖాళీ బగ్గీ (పిల్లల తోపుడు బండి) తోసుకుంటూ మీ స్కూలు దారి నడువు. ఒక వారం. అందులో చెత్త బళ్ళొచ్చే రోజు తప్పకుండా ఉండాలి. ఆ రోజు అందరూ బిన్నులు ఫుట్‌పాత్ మీదే పెడతారు, డబుల్ బగ్గీ పట్టదు, రోడ్డు మీదికి దిగాలి. ఎక్కడ దిగాలో, ఎక్కడ ఎక్కడానికి అంచు కిందికి ఉందో నీకు కంఠతా రావాలి. తల్లి వచ్చి అడిగినప్పుడు "కారు లేదండీ" అని నసగకుండా ఆ దారి మొత్తం చెప్పు. ఏ వైపు నడుస్తావో, ఎక్కడ దాటతావో, ఎవరు ఏ చెయ్యి పట్టుకుంటారో. నా దగ్గర చేరిన తల్లుల్లో సగంమంది అక్కడే ఒప్పుకున్నారు.

రెండోది, ఒకటే స్కూలు పెట్టుకో. రెండో స్కూలుకి ఎంత డబ్బిస్తామన్నా ఒప్పుకోకు. నేను మొదటి ఏడాది ఒప్పుకున్నా. రెండు గేట్లూ 3:15కే తెరుస్తారు. రెండింటి మధ్య పదకొండు నిమిషాల నడక, ఆ పదకొండు నిమిషాలూ రోజూ పరుగే. రెండో గేటు దగ్గర ఆ పిల్లాడు టీచర్ పక్కన ఒక్కడే బ్యాగు కావలించుకుని నిలబడేవాడు. నన్ను చూడగానే వాడు ఏమీ అనేవాడు కాదు, అదే ఎక్కువ బాధ. టర్మ్ అయిపోగానే వాళ్ళమ్మతో మాట్లాడి మానేశా.

మూడోది, బగ్గీ కొనేముందు మీ వీధి తలుపు వెడల్పు కొలుచుకో. అడుగుతున్నా, దయచేసి కొలుచుకో.

చినుకు_రెడింగ్
ఎర్రదారుల్లేవు గానీ మా దారిలో ఒక జీబ్రా క్రాసింగ్ ఉంది, లాలీపాప్ లేడీ (పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ) ఉంటుంది. బిన్నుల విషయం అస్సలు తట్టలేదు. రేపు బుధవారం, మా వీధిలో బిన్ డే. రేపటినుంచే మొదలుపెడతా.

గోదారమ్మ_లీడ్స్
బిన్నుల కంటే ఫుట్‌పాత్ ఎక్కించి పెట్టే కార్లే నరకం. ఒక్కోసారి అద్దం మడిచి దూరాలి.

ఈస్ట్‌హామ్_ఈశ్వరి
లండన్‌లో అది 1974 నుంచే నిషేధం. మీ దగ్గర లేదా?

గోదారమ్మ_లీడ్స్
లేదమ్మా. ఇక్కడ అడ్డంగా పెట్టుకుని మనకే లైట్లు కొడతారు.

స్కాట్‌లాండ్_సీత
స్కాట్లాండ్‌లో 2023 డిసెంబర్‌నుంచి కౌన్సిళ్ళు దీనికి జరిమానా వేయొచ్చు, మా వీధిలో తేడా బాగా తెలిసింది. ఇంకొకటి, ఇక్కడ 2022 జనవరి 31 నుంచి 22 ఏళ్ళలోపు వాళ్ళకి బస్సు ఉచితం. 5 ఏళ్ళు దాటిన పిల్లలకి కార్డు చేయిస్తే చాలు. సెలవుల్లో మ్యూజియం, సముద్రం, అన్నీ బస్సులోనే. మాకు ఆఫ్‌స్టెడ్ కాదు, కేర్ ఇన్‌స్పెక్టరేట్. పిల్లల సంఖ్య రూల్స్ కూడా వేరు కాబట్టి నా లెక్కలు మీకు పనికిరావు. కానీ వాళ్ళు వచ్చినప్పుడు కారుందా అని నన్నొక్కసారీ అడగలేదు.

చినుకు_రెడింగ్
నన్నూ అడగలేదు! బయటికి వెళ్ళేటప్పుడు రిస్క్ ఎలా అంచనా వేస్తావని అడిగిందంతే. తల్లులే అడుగుతున్నారు.

ఇద్దరి_తల్లి
ఆ తల్లుల్లో నేనొకదాన్ని అనుకోండి, నా వైపు మాట చెప్తా. నేను కారు గురించి అడిగేది వాన కోసం కాదు. పిల్లకి ఏదైనా అయితే హాస్పిటల్‌కి ఎలా తీసుకెళ్తారని. చెప్పలేను, అది మనసులో అలా తిరుగుతూ ఉంటుంది ఆఫీసులో.

బండి_సుబ్బులు
ఇది మంచి ప్రశ్న. కానీ కారున్నదానిగా చెప్తున్నా, నిజంగా ప్రమాదమైతే నేను కారు తీయను. అంబులెన్స్ కోసం 999 కే చేస్తా. నా దగ్గర ఇంకో ముగ్గురు పిల్లలుంటారు, వాళ్ళందర్నీ సీట్లలో కట్టి, ఊపిరాడని బిడ్డని వెనక పెట్టుకుని నడపడమా? ఒకసారి జ్వరం మూర్ఛ వచ్చింది ఒక పాపకి. నేను నేల మీద కూర్చుని పక్కకి తిప్పి పట్టుకుని టైం చూస్తూ ఫోన్ స్పీకర్‌లో పెట్టా. కారు తాళం ఎక్కడుందో కూడా గుర్తు రాలేదు.

ఇద్దరి_తల్లి
ఇలా ఎవరూ చెప్పలేదు నాకు. మరి మామూలు జ్వరం, వాంతి లాంటివి?

నడకదారి_ఎంకే
వాటికి నిన్నే పిలుస్తాంగా తల్లీ. జబ్బు చేసిన బిడ్డని వచ్చి తీసుకెళ్ళాల్సింది అమ్మానాన్నలే. కారున్నా లేకపోయినా అంతే.

చినుకూ, దీనికి సమాధానం ముందే సిద్ధం చేసుకో. నేను నా ఫైల్లో ఒక పేజీ పెట్టా: ఎవరికి ఫోన్, మిగతా పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, మా వీధిలో ఇంకో చైల్డ్‌మైండర్ నంబర్, అంతా. నేను చూపించకముందే ఒక తండ్రి దాన్ని ఫోటో తీసుకున్నాడు.

లెక్కల_మామ
మీ ఆయనకి పని ఇంటినుంచి చేసే రోజులుంటే ఆయన్ని అసిస్టెంట్‌గా పెట్టుకోవచ్చు. పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ చేసి ఉండాలి, తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. అప్పుడు రోజులో 2 గంటలదాకా పిల్లల్ని ఆయన దగ్గర వదిలి వెళ్ళొచ్చు. అంటే బుజ్జిగాడు నిద్రపోతుంటే లేపకుండా మీరు స్కూలుకెళ్ళి రావచ్చు. ఆదాయపు పన్ను లెక్కలో ఆయనకి జీతం రాయాలంటే నిజంగా ఇవ్వాలి, ఉత్తినే రాస్తే కుదరదు. ఇది మా ఆవిడ చదువుతోంది కాబట్టి మరీ చెప్తున్నా.

ఊరికే_చూస్తున్నా
మామా, ఇంట్లో జీతం అడిగారా ఏంటి?

లెక్కల_మామ
పెండింగ్‌లో ఉంది.

చినుకు_రెడింగ్
నిద్ర సంగతి చెప్పారు కాబట్టి అడుగుతున్నా. అసలు ఇప్పుడు ఫోన్లన్నీ ఏడాదిలోపు, ఏడాదిన్నర పిల్లల గురించే. 2025 సెప్టెంబర్‌నుంచి పనిచేసే తల్లిదండ్రులకి 9 నెలల పిల్లలనుంచే వారానికి 30 గంటల ఉచిత సంరక్షణ వస్తోంది కదా, అందరికీ చంటిపిల్లలకే చోటు కావాలి. వాళ్ళు రెండింటికి పడుకుంటారు, నేను రెండు యాభైకి బయల్దేరాలి. మధ్యలో లేపితే సాయంత్రమంతా ఏడుపే కదా?

గోదారమ్మ_లీడ్స్
బగ్గీలోనే పడుకోబెట్టు. నేను పన్నెండున్నరకే అన్నం పెట్టి, ఒంటిగంటకి ఒక కునుకు మంచం మీద, లేచాక ఆడించి, మూడింటికి బగ్గీలో రెండో కునుకు. వెనక్కి పూర్తిగా వాలే బగ్గీ ఐతేనే. చక్రాలు కదులుతుంటే వాళ్ళకి ఉయ్యాలే.

బండి_సుబ్బులు
ఇక్కడ మాత్రం కారు లేనివాళ్ళదే పైచేయి, ఒప్పుకుంటా. కారులో పిల్ల సీటులో నిద్రపోతే ఇంటికొచ్చాక అలాగే వదిలేయకూడదు, మెడ వాలిపోతుంది. తీస్తే లేస్తుంది. నేను రోజూ రెండుసార్లు నిద్రలేపే రాక్షసిని.

పైగా బెల్టులు. నలుగురిని ఎక్కించి దించడం, వాన పడుతుంటే సగం ఒళ్ళు కారులో, సగం బయట. పిల్లలు పొడిగానే ఉంటారు, నేనే తడిచిపోతా.

ఊరికే_చూస్తున్నా
కారుంటే తడిసేది అక్క, లేకపోతే తడిసేది పిల్లలు. సరే.

నడకదారి_ఎంకే
పిల్లలూ తడవరు. ఒక్కొక్కరికీ పై నుంచి కిందిదాకా వాటర్‌ప్రూఫ్ సూటు, అది నేనే కొని ఉంచుతా, వాళ్ళ ఇళ్ళనుంచి పంపమంటే ఒకరు పంపుతారు, ఇద్దరు మర్చిపోతారు. తలుపు పక్కన ఆరు కొక్కేలు, కింద పెద్ద ట్రే, బూట్లు అందులో. సాక్సులు మాత్రం ఎన్ని జతలున్నా చాలవు. నవంబర్‌లో నా హీటర్ మీద ఎప్పుడూ పదకొండు సాక్సులుంటాయి, పన్నెండోది ఎక్కడికి పోతుందో ఏడేళ్ళుగా తెలీదు.

ఒకటి చెప్తా, రెండేళ్ళవాళ్ళతో నడక అంటే నడక కాదు. నా దగ్గరున్న ఒక బుడ్డోడు ప్రతి బిన్నుకీ బై చెప్తాడు. ఆకుపచ్చ బిన్నుకి చేత్తో తట్టి మరీ. వీధిలో ముప్పై ఇళ్ళు. బిన్ డే నాడు నేను ఇరవై నిమిషాలు ముందే బయల్దేరతా. ఒకరోజు ఒక ఇంటివాళ్ళు బిన్ పెట్టడం మర్చిపోయారు. వాడు ఆ గేటు ముందు ఆగిపోయి కదల్లేదు. చివరికి ఆ ఇంటాయన డ్రెస్సింగ్ గౌనులో బిన్ లాక్కుంటూ బయటికొచ్చాడు, వీడు బై చెప్పాడు, బయల్దేరాం. అప్పుడే చెత్త లారీ వచ్చింది. ఆయన నాకు ఇప్పటికీ థాంక్స్ చెప్తాడు.

ఇద్దరి_తల్లి
ఈ పిల్లాడికి కౌన్సిల్ జీతం ఇవ్వాలి.

ఈస్ట్‌హామ్_ఈశ్వరి
లండన్ సంగతి నేను రాస్తా. మా వైపు కారుందా అని ఎవరూ అడగరు, ఉంటే పార్కింగ్ ఎక్కడ అని అడుగుతారు. 11 ఏళ్ళలోపు పిల్లలకి బస్సు ఉచితం, ట్యూబ్‌లో కూడా టికెట్ కొన్న పెద్దవాళ్ళతో నలుగురు పిల్లలదాకా ఉచితం. కానీ బస్సుని నమ్ముకుని స్కూల్ రన్ పెట్టుకోవద్దు. ఎందుకంటే బగ్గీ పెట్టే చోటు నిజానికి వీల్‌చెయిర్ వాళ్ళది. వాళ్ళొస్తే మనం బగ్గీ మడవాలి, లేదా దిగాలి. 2017లో దీని మీద సుప్రీం కోర్టు తీర్పే వచ్చింది, డ్రైవర్ ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు, ఇంకా గట్టిగా చెప్పాలని. న్యాయమే కదా, వాళ్ళకి ఇంకో చోటు లేదు. కానీ డబుల్ బగ్గీలో ఇద్దరు, పక్కన ఒకడు ఉంటే మడిచేదెలా? మూడుసార్లు దిగి నడిచా. నాలుగోసారినుంచి బస్సు మానేసి ముందే బయల్దేరుతున్నా. ఇప్పుడు బస్సు షికార్లకే, అదీ రద్దీ లేని పదిన్నర పదకొండుకి.

పల్లె_పిట్ట
ఇద్దరూ ఒకే సమయంలో ఏడిస్తే?

ఈస్ట్‌హామ్_ఈశ్వరి
బస్సంతా మనకోసం పాడుతుంది. ఒకసారి ఒక పాప బూటు తీసి తలుపు మూసుకునేలోపు బయటికి విసిరేసింది. తర్వాతి స్టాప్‌లో దిగి, వెనక్కి నడిచి వెతికితే ఎవరో గోడ మీద పెట్టి పోయారు. ఇప్పుడు నా బ్యాగులో ఎప్పుడూ ఒక జత అదనపు బూట్లుంటాయి.

లెక్కల_మామ
లండన్ బయట ఇంగ్లండ్‌లో ఒక్క ట్రిప్పు బస్సు టికెట్ 3 పౌండ్లకి మించకూడదని పరిమితి ఉంది. చాలా చోట్ల 5 ఏళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. ఆ టికెట్లు దాచుకోండి, ఖర్చు కింద రాసుకోవచ్చు. ట్యాక్సీ కూడా ఎప్పుడైనా తప్పదనుకుంటే ఒక విషయం: లైసెన్స్ ఉన్న ట్యాక్సీలో పిల్లల సీటు లేకపోయినా వెనక సీటులో తీసుకెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది, 3 ఏళ్ళు దాటితే పెద్దవాళ్ళ బెల్టు, లోపు అయితే బెల్టు లేకుండానే.

ఇద్దరి_తల్లి
చట్టం ఒప్పుకోవచ్చు, నేను ఒప్పుకోను. నా పిల్లని బెల్టు లేకుండా కూర్చోబెట్టారని తెలిస్తే ఆరోజే మానేస్తా.

లెక్కల_మామ
అందుకే కాంట్రాక్టులో ముందే రాసుకోండి, ట్యాక్సీ అవునా కాదా అని. నేను రూల్ చెప్పా, సలహా ఇవ్వలేదు.

నడకదారి_ఎంకే
నా కాంట్రాక్టులో ట్యాక్సీ లేదు. బస్సుకి వేరే సంతకం తీసుకుంటా, రూల్ ఉన్నా లేకపోయినా.

బండి_సుబ్బులు
సరే చినుకూ, లైసెన్స్ మాత్రం వదలకు. ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ళ లైసెన్స్) ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, థియరీ 23, ప్రాక్టికల్ మామూలు రోజుల్లో 62. ప్రాక్టికల్ డేట్ కోసం నెలల తరబడి ఆగాలి కాబట్టి థియరీ ఇప్పుడే రాసేయ్. ఇండియా లైసెన్స్‌ని ఇక్కడిదానితో మార్చుకోవడం కుదరదు, మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే. ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి, అది మర్చిపోకు. కారు ఉన్నా లేకపోయినా చేతిలో లైసెన్స్ ఉండాలి అంటా నేను.

గోదారమ్మ_లీడ్స్
నేను 26 ఏళ్ళుగా ఉన్నా లైసెన్స్ లేకుండా. బతికే ఉన్నా.

బండి_సుబ్బులు
మీరు తాటాకు బ్యాచ్ ఆంటీ.

చినుకు_రెడింగ్
వారం తర్వాత వచ్చా. అక్క చెప్పినట్టే బగ్గీ తోసుకుంటూ రోజుకి రెండుసార్లు నడిచా. అది మా పాప పాత సింగిల్ బగ్గీ, అందులో పది కిలోల బియ్యం బస్తా పెట్టుకుని. పక్కింటావిడ కిటికీలోంచి చూసి ఏమనుకుందో. తెలిసినవి: జీబ్రా దాటాక ఎడమవైపు ఫుట్‌పాత్ మీద రోజూ ఒక వ్యాను నిలబడి ఉంటుంది, కుడివైపే పోవాలి. బిన్ డే నాడు రెండు చోట్ల రోడ్డు మీదికి దిగాలి. చేతిలో చెయ్యి వేసి మా పాప నడిస్తే తొమ్మిది కాదు, పదిహేను నిమిషాలు. ఇంకోటి, అలా నడుస్తుంటే స్కూలు గేటు దగ్గర ఇద్దరు తల్లులు అడిగారు, బగ్గీలో బియ్యమెందుకని. చెప్పా.

అందులో ఒకావిడ ఇల్లు మా వెనక వీధే. పెద్దాడు రిసెప్షన్ (ఇయర్ 1 కి ముందు తరగతి), చిన్నది 11 నెలలు. నిన్న వచ్చి ఇల్లు చూసింది. కారు గురించి అడగలేదు, నేనే చెప్పా. దారి మొత్తం చెప్పా, వ్యాను సంగతితో సహా. హాస్పిటల్ పేజీ చూపించా, ఇద్దరి తల్లి గారికి థాంక్స్. జనవరినుంచి ఇద్దర్నీ పంపుతానంది.

నడకదారి_ఎంకే
అబ్బా! చూశావా. చిన్నది ఏడాదిలోపే కాబట్టి ఏడాది నిండేదాకా ఇంకో చంటిదాన్ని ఒప్పుకోకు, ఒకరికి మించి కుదరదు.

పల్లె_పిట్ట
బియ్యం బస్తాతో బిజినెస్ మొదలు. సంతోషం.

బండి_సుబ్బులు
కంగ్రాట్స్. థియరీ బుక్ చేశావా?

చినుకు_రెడింగ్
చేశా అక్కా, వచ్చే నెల 14. మా ఆయన అడిగాడు, ఇన్నాళ్ళూ నేను బతిమాలితే వినలేదు, ఎవరో సుబ్బులక్క చెప్తే వింటున్నావా అని.

ఇద్దరి_తల్లి
రెడింగ్‌లో ఎటువైపు ఉంటారు? నాకూ ఏప్రిల్‌నుంచి చిన్నదానికి కావాలి.

చినుకు_రెడింగ్
మెసేజ్ పెట్టానండీ. మీ పెద్దమ్మాయిది మా స్కూలు కాకపోతే మాత్రం కుదరదు, ఇప్పుడే చెప్తున్నా.

ఒక చిన్న సమస్య. సంతోషంలో నిన్న రాత్రే సెకండ్ హ్యాండ్ డబుల్ బగ్గీ కొనేశాం, పక్కపక్కన కూర్చునేది, భలే చవగ్గా వచ్చింది. 79 సెంటీమీటర్లు. మా వీధి తలుపు 76.

నడకదారి_ఎంకే
ఒక్క మాట అడిగా. ఒక్కటంటే ఒక్కటి.

ఊరికే_చూస్తున్నా
తలుపు అమ్మేయండి.

గోదారమ్మ_లీడ్స్
ముందొకరు వెనకొకరు కూర్చునేది తీసుకో తల్లీ, బస్సులో కూడా అదే పడుతుంది. నా దగ్గరొకటి అటక మీద ఉంది, చక్రం ఒకటి కిర్రుమంటుంది కానీ గట్టిది. లీడ్స్‌నుంచి ఎవరైనా అటువైపు కారులో వెళ్తుంటే పంపిస్తా.

బండి_సుబ్బులు
వచ్చే శనివారం మా తమ్ముడు లీడ్స్‌నుంచి స్లౌ వస్తున్నాడు. రెడింగ్ దాకా రమ్మంటా. చూశారా, చివరికి కారే కావాల్సొచ్చింది.